తింటివా? ఎప్పుడు తింటివి?

మా కర్నూలు, కడప పల్లెల్లో మనిషికి మనిషి ఎదురుపడితే ముందుగా వచ్చే మాట "బువ్వ తింటివా?" క్షేమం అడగడం దాని తర్వాతే. ఆ మాట వెనక తరతరాల ఆకలి ఉంది. 1876లో మొదలై 1878 దాకా సాగిన ధాత కరువులో ఈ రెండు జిల్లాలూ, పక్కనున్న బళ్లారీ నలిగినట్టుగా నలిగిన ప్రాంతాలు తక్కువ. 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి, కరువు పనికొచ్చిన మగ కూలీకి రోజుకు పౌను ధాన్యం ఖరీదు, దాని మీద కొద్దిపాటి చిల్లర చాలని తేల్చాడు. పౌను అంటే సుమారు 450 గ్రాములు. ఎండలో రాళ్లు కొట్టే మనిషికి అది! మద్రాసు ప్రెసిడెన్సీ శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్, ఇంత తక్కువ తిండితో పని చేయించడం తగదని గట్టిగా ఎదిరించాడు. ఆ కరువు పోయినా ఆకలి పోలేదు. 1952లో మళ్లీ ఊరూరా గంజి కేంద్రాలు పెట్టాల్సి వచ్చింది. గంజి కోసం వరుసలో నిలబడిన పిల్లలు నిన్నమొన్నటి దాకా మన అరుగుల మీద తాతలై కూర్చున్నారు.

అందుకే మనకు తింటివా అన్న ప్రశ్న అంత ప్రేమగా వస్తుంది. ఈరోజు దానికి ఇంకో ప్రశ్న చేర్చమని అడగడానికి మీ ముందుకు వచ్చాను. ఎప్పుడు తింటివి?

ఎందుకంటే అదే నేల మీద ఇప్పుడు ఇంకో బాధ మొదలైంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో మూడో వంతుకు మించి అధిక బరువుతో ఉన్నారు. అదే సర్వేలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉంది. ఒళ్లు పెరిగింది, రక్తం పెరగలేదు. బరువు తగ్గాలని ఒకరు పొద్దున తిండి మానేస్తారు, ఇంకొకరు రాత్రి తిండి మానేస్తారు, మరొకరు రెండు గంటలకోసారి కొంచెం కొంచెం తినమంటారు. ఏ పూట మానాలి, ఎన్ని పూటలు తినాలి అన్న మాటలో నిజమెంత? అది చూసే ముందు ఒకసారి వెనక్కి వెళ్దాం.

మా అవ్వకు గడియారం చూడటం తెలియదు. ఆమె పొద్దును తిండితోనే కొలిచేది. అంబలి తాగే వేళ అంబటిపొద్దు. దాని తర్వాత పైటాల, ఆ తర్వాత మాపటాల. "వాడు సద్ది తాగి పోయినాడు, పైటాలకొస్తాడులే" అంటే పిల్లలకు కూడా సమయం తెలిసిపోయేది. రాత్రి మిగిలిన సంగటిని మజ్జిగలో పిసికి, ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ తాగడం పొద్దుటి సద్ది. మధ్యాహ్నం చేని గట్టున సంగటి ముద్ద, ఊరిమిండి. కర్నూలు పడమటి పక్క అయితే జొన్నరొట్టె. మాపున దీపాలు పెట్టే వేళకు కొర్రబువ్వ, ఏదో ఒక పుల్లగూర. ఆ తర్వాత పొయ్యి ఆరిపోయేది. మళ్లీ నోట్లో ఏదైనా పడాలంటే తెల్లారాల్సిందే. రాత్రి ఏడుకు తిని, మర్నాడు ఎనిమిదికి సద్ది తాగితే, మధ్యలో 13 గంటలు కడుపు విశ్రాంతిగా ఉన్నట్టు.

వాళ్లు ఆరోగ్య సూత్రాలు తెలుసుకుని అలా తినలేదు. దీపంలో నూనె పొదుపు చేయాలి, కోడి కూయగానే లేవాలి, అంతే. ఒక పూట తింటే యోగి, రెండు పూటలు తింటే భోగి, మూడు పూటలు తింటే రోగి అని సామెత చెబుతారు. ఈ నేల మీద నిలబడి ఆ సామెత చెప్పడానికి నాకు నోరు రాదు. ఇక్కడ ఒక పూట తిన్నవాళ్లు యోగం కోసం తినలేదు. రెండో పూటకు గింజల్లేక తిన్నారు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చాక పండగకు తప్ప వరి బువ్వ ఎరగని ఇళ్లలో రోజూ వరి అన్నం ఉడికింది. అది మంచి పని. సంగటి, కొర్రలు వెనకబడటం నష్టమే. రాగుల్లో పీచు, పాలిష్ పట్టిన బియ్యంలో కంటే సుమారు నాలుగు రెట్లు ఎక్కువ, అందుకే సంగటి తిన్న కడుపు చాలాసేపు నిలుస్తుంది. అయినా ఆకలి తీరడం కంటే పెద్ద లాభం ఇంకొకటి లేదు. పాత రోజులు మళ్లీ రావాలని నేను కోరను. ఆ రోజుల్లోని ఒక్క సంగతి మాత్రం మన చేతుల్లోంచి జారిపోయింది. తిండికి ఒక వేళ ఉండేది.

ఇప్పుడు బజారులో పని చేసే మనిషి ఒక రోజు చూడండి. ఆరుకు టీ, ఎనిమిదికి మళ్లీ టీ. పదికి ఉగ్గాని బజ్జీ, లేకపోతే ఎర్రకారం పూసిన దోసె. పదకొండున్నరకు టీ. బువ్వ రెండున్నరకో, మూడుకో. అయిదున్నరకు బండి దగ్గర మిరపకాయ బజ్జీ, బొరుగులు. ఏడుకు టీ. కొట్టు కట్టేసి ఇల్లు చేరి కంచం ముందు కూర్చునేసరికి రాత్రి పది. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా 16 గంటలు నోరు ఆడుతూనే ఉంది. ఇది మన ఒక్కరి సంగతే కాదు. ఒడిశాలో పుట్టి, అమెరికాలో కాలిఫోర్నియాలోని సాల్క్ సంస్థలో పని చేస్తున్న శాస్త్రవేత్త సచ్చిదానంద పండా, జనం ఏది తిన్నా తాగినా ఫోన్లో ఫొటో తీసి పంపించమని అడిగి లెక్క కట్టాడు. ఆయన బృందం 2015లో ప్రకటించిన ఫలితాల్లో సగం మంది రోజుకు దాదాపు 15 గంటలో, అంతకు మించో తింటున్నారు. అడిగితే మాత్రం వాళ్లూ మనలాగే మూడు పూటలు తింటున్నామనే చెప్పి ఉంటారు.

టీ సంగతి మళ్లీ ఒకసారి చూద్దాం. చెంచాడు చక్కెర 5 గ్రాములు, అంటే 20 కేలరీలు. టీకి రెండు చెంచాలు, రోజుకు అయిదు టీలు అనుకుంటే చక్కెర ఒక్కటే 200 కేలరీలు. పాలు వేరే. దీన్ని మనం తిండి కింద లెక్క వేయం. "పొద్దున్నించి ఏమీ తినలేదబ్బా" అంటాం.

ఇక ఆకలి ఎలా పుడుతుందో చూద్దాం. కడుపు ఖాళీ అయితే ఆకలి వేస్తుందని మనం అనుకుంటాం. సగమే నిజం. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కొజిమా, కంగావా కడుపులో పుట్టే గ్రెలిన్ అనే హార్మోన్‌ను కనుక్కున్నారు. ఆకలి పుట్టించే హార్మోన్ అది. విచిత్రమేమిటంటే అది మనం రోజూ తినే వేళకు ముందు తనంతట తానే పెరుగుతుంది. ఆ వేళ తినకపోతే ఇంకా ఇంకా పెరుగుతూ పోదు, కాసేపటికి తగ్గుతుంది. ఉపవాసం ఉన్నవాళ్ల రక్తం పరీక్షించి చూస్తే ఇది తేలింది. మన వాళ్లకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. ఒక్కపొద్దు ఉన్న ఆడమనిషిని మధ్యాహ్నం ఒంటిగంటకు అడిగితే ఆకలవుతోందంటుంది, మూడుకు అడిగితే "ఆకలి చచ్చిపాయ" అంటుంది. ఆ మాటకు శరీరశాస్త్రంలో అర్థం ఇది.

అంటే ఆకలికి మనం పాఠం చెప్పగలం. రోజూ అయిదున్నరకు బజ్జీ తినే మనిషికి అయిదున్నరకు ఆకలి పుడుతుంది. కొన్నాళ్లు ఆ బండి దారి తప్పిస్తే ఆ వేళ ఆకలి కూడా సన్నగిల్లుతుంది. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో కొందరు లావుపాటి ఆడవాళ్లతో చేసిన ప్రయోగం ఒకటుంది. రెండు వారాలు వాళ్లు రోజూ ఒకే లెక్కన ఆరు సార్లు తిన్నారు. ఇంకో రెండు వారాలు ఒక రోజు మూడు సార్లు, ఒక రోజు తొమ్మిది సార్లు, ఇలా వేళాపాళా లేకుండా తిన్నారు. వేళ తప్పిన రోజుల్లో భోజనం తర్వాత ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువ పెరిగింది, తిండిని అరిగించుకోవడానికి ఒళ్లు ఖర్చుపెట్టే శక్తి తగ్గింది. ఎన్నిసార్లు అన్న ప్రశ్న కంటే ఒకే వేళకా అన్న ప్రశ్న నాకు పెద్దదిగా కనిపించేది ఇందుకే.

రెండు గంటలకోసారి కొంచెం కొంచెం తింటే ఒంట్లో మంట మండుతూనే ఉంటుంది, కొవ్వు కరుగుతుంది అని చాలామంది నమ్ముతారు. కెనడాలో 2010లో దీన్ని పరీక్షించారు. సమానమైన కేలరీలు ఇచ్చి, ఒక వర్గానికి మూడు భోజనాలు, ఇంకో వర్గానికి మూడు భోజనాలు, మూడు చిరుతిళ్లుగా పంచారు. ఎనిమిది వారాల తర్వాత రెండు వర్గాలూ ఒకే మాదిరిగా తగ్గాయి. ప్రేగ్ నగరంలో చక్కెర వ్యాధి ఉన్న 54 మందికి పొద్దున, మధ్యాహ్నం రెండే పెద్ద భోజనాలు పెట్టి చూశారు, అవే కేలరీలు ఆరు చిన్న భోజనాలుగా కూడా పెట్టి చూశారు. రెండు పూటల వాళ్లే కొంచెం ఎక్కువ తగ్గారు. కాబట్టి ఆరు సార్లు తినమన్న సలహాకు బలం లేదు. మన దగ్గర అయితే అది ప్రమాదం కూడా. చిరుతిండి అంటే మన చేతికి దొరికేది చెనక్కాయలు, బజ్జీలు, బిస్కెట్లు. చెనక్కాయ మంచి తిండే, కానీ వంద గ్రాముల గింజల్లో అయిదొందలకు పైగా కేలరీలు ఉంటాయి. మాటల్లో పడి వలుచుకుంటూ కూర్చుంటే వంద గ్రాములు ఎంతసేపు?

మరి ఏ పూట పెద్దదిగా తినాలి? ఇక్కడ శాస్త్రవేత్తల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు, ఆ సంగతి మీకు దాచకుండా చెప్పాలి. ఇజ్రాయెల్‌లో 2013లో ప్రకటించిన ఒక పరీక్షలో 93 మంది ఆడవాళ్లకు రోజుకు 1400 కేలరీలు ఇచ్చారు. పొద్దున 700 తిన్నవాళ్లు 12 వారాల్లో సగటున 8.7 కిలోలు తగ్గారు. రాత్రి 700 తిన్నవాళ్లు 3.6 కిలోలే తగ్గారు. ఈ లెక్క చూసి పత్రికలు చాలా సంబరపడ్డాయి. తర్వాత 2022లో స్కాట్లండులోని అబర్డీన్‌లో 30 మందికి ప్రతి ముద్దా తామే వండి ఇచ్చి, ఒంట్లో ఖర్చయ్యే శక్తిని కూడా కొలిచి చూశారు. పొద్దున ఎక్కువ తిన్న నాలుగు వారాల్లో, రాత్రి ఎక్కువ తిన్న నాలుగు వారాల్లో బరువు దాదాపు సమానంగా తగ్గింది. ఒక్క తేడా ఉంది. పొద్దున ఎక్కువ తిన్నప్పుడు రోజంతా ఆకలి తక్కువగా ఉంది.

నేను అబర్డీన్ ఫలితాన్నే నమ్ముతాను. తిండి లెక్క జనం నోటి మాటకు వదలకుండా చేసిన పరీక్ష అది. ఇంటి అనుభవం కూడా దానికే సరిపోతుంది. బరువు తగ్గించేది ఎంత తిన్నామన్నదే. ఎప్పుడు తిన్నామన్నది ఆకలిని అదుపులో పెడుతుంది. ఆకలి అదుపులో ఉంటే తక్కువ తినడం శిక్షలా అనిపించదు. ఇంతకు మించి వేళకు మహిమ అంటగడితే అబద్ధమవుతుంది. చైనాలోని గ్వాంగ్‌జౌలో 139 మందిని ఏడాది పాటు గమనించారు. కేలరీలు తగ్గించి, పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు లోపే తిన్నవాళ్లు 8 కిలోలు, కేలరీలు మాత్రమే తగ్గించినవాళ్లు 6.3 కిలోలు తగ్గారు. ఆ తేడా లెక్కలోకి తీసుకోదగ్గది కాదని పరిశోధకులే చెప్పారు. 16 గంటల ఉపవాసం పేరుతో ఫోన్లలో చూపే అద్భుతాలకు డబ్బు కట్టే ముందు ఈ అంకెలు గుర్తు తెచ్చుకోండి.

2022లోనే అమెరికాలోని బోస్టన్‌లో 16 మందిని ఆస్పత్రి గదిలోనే ఉంచి, అదే తిండిని నాలుగు గంటలు ఆలస్యంగా పెట్టారు. ఆకలి పెరిగింది. కడుపు నిండిందని మెదడుకు కబురు పంపే లెప్టిన్ తగ్గింది. ఒళ్లు ఖర్చుపెట్టే శక్తి కూడా కొంచెం తగ్గింది. ఈ ముక్క విన్నప్పుడు నాకు మన ఎండాకాలం గుర్తొచ్చింది.

మన ఎండ సంగతి ఈ పరదేశపు పరిశోధకులెవరూ లెక్కలో వేసుకోలేదు. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, కడప రెండూ 42, 43 డిగ్రీలు దాటుతాయి. ఆ వేడికి మధ్యాహ్నం బువ్వ దిగదు. రెండు గ్లాసుల మజ్జిగ, ఏదో కాస్త నోట్లో వేసుకుని పడుకుంటాం. చల్లబడ్డాక, రాత్రి తొమ్మిదికి, పదికి అసలైన ఆకలి లేస్తుంది. అంటే బోస్టన్‌లో గదిలో పెట్టి చేసిన పనిని సూర్యుడు మన చేత ఎండాకాలమంతా చేయిస్తాడు. దీనికి విరుగుడు మన అవ్వల దగ్గరే ఉంది. ఎండ ఎక్కకముందే, ఎనిమిది ఎనిమిదిన్నర లోపు, కడుపు నిండా సద్ది. రాగి సంగటి మజ్జిగలో పిసుక్కున్నా సరే, రెండు జొన్నరొట్టెలూ పప్పూ అయినా సరే. ఎండాకాలంలో పొద్దుటి పూటే పెద్ద పూట కావాలి. సుగ్గికి, అంటే వలస కూలికి, పోయే కోసిగి, మంత్రాలయం పక్కవాళ్లను చూడండి. చేలోకి దిగేముందే రొట్టె తిని, మిగిలింది మూట కట్టుకుంటారు.

వేళ మన చేతిలో లేనివాళ్లూ ఉన్నారు. ముద్దనూరు దగ్గర థర్మల్ విద్యుత్ కేంద్రంలో, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల్లో రాత్రి షిఫ్టు చేసేవాళ్లకు ఏడుకు తినమని చెప్పి ఊరుకోలేను. రాత్రి షిఫ్టును అనుకరించి చేసిన ఒక ప్రయోగంలో, తిండి పగటి పూటే పెట్టినవాళ్లకు రక్తంలో చక్కెర పెరగలేదు, రాత్రి కూడా తిన్నవాళ్లకు పెరిగింది. కాబట్టి షిఫ్టుకు పోయేముందే బువ్వ తినండి. అర్ధరాత్రి ఆకలైతే ఒక అరటిపండో, మజ్జిగో. బిరియాని పొట్లం వద్దు.

ఒక్కపొద్దులు, రోజాలు ఆచరించేవాళ్లు అడగవచ్చు, దీనివల్ల బరువు తగ్గుతామా అని. రంజాన్ నెలలో చాలామంది కిలో అటూ ఇటుగా తగ్గుతారు, పండగ తర్వాత కొన్ని వారాల్లో అది తిరిగి వచ్చేస్తుంది. శనివారం ఒక్కపొద్దు ఉండి, ఆ ఒక్క పూటలో పూరీలు, పాయసం కుమ్మరిస్తే తగ్గేదేమీ లేదు. ఉపవాసం భక్తి కోసం. దాన్ని దేవుడికే వదిలేసి, బరువుకు రోజువారీ కంచాన్ని చూసుకోండి.

ఒక హెచ్చరిక, దీన్ని మాత్రం మరిచిపోవద్దు. చక్కెర వ్యాధికి ఇన్సులిన్ వేసుకునేవాళ్లు, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు మింగేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ఏ పూటా మానకూడదు. మాత్ర వేసుకుని తిండి మానితే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, వణుకు, స్పృహ తప్పడం, ప్రాణం మీదకు వస్తుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు, ఇప్పటికే బక్కచిక్కి ఉన్నవాళ్లు పూటలు మానే పని పెట్టుకోవద్దు. మీకు బరువు నిజంగా ఎక్కువుందా లేదా అన్నది కూడా ముందు చూసుకోండి. మన దేశంలో మగవాళ్లకు నడుము కొలత 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలని వైద్యుల లెక్క. దర్జీ టేపు చాలు, యంత్రం అక్కర్లేదు.

చివరగా, నేను ఇంతసేపూ ఎవరి గురించి మాట్లాడాలని వచ్చానో ఆమె సంగతి. చద్దన్నం తిన్నమ్మ మొగుడాకలి ఎరగదని సామెత కట్టారు. నా కళ్లతో చూసిన ఇళ్లలో అది తలకిందులు. పొద్దున అందరికంటే ముందు లేచి, పిల్లలకు, పెద్దలకు పెట్టి, తాను తినేసరికి పదకొండు. మధ్యాహ్నం తినేసరికి మూడున్నర. రాత్రి మొగుడు పదికి వస్తే, ఆయన తిన్నాక, పదిన్నరకు గిన్నెలో మిగిలిన అన్నం పారేయడానికి మనసు రాక తానే తిని, అంట్లు తోమి, పదకొండుకు నడుం వాలుస్తుంది. ఈమధ్యలో ఆకలి చంపుకోవడానికి నాలుగు టీలు. ఆమె ఒళ్లు పెరిగితే తిండి ఎక్కువైందంటారు, కదలిక లేదంటారు. పొద్దుగూకులూ కదిలే మనిషికి కదలిక లేదనడం నాకు బాధ కలిగిస్తుంది. ఆమె భోజన వేళ ఆమె చేతిలో లేదు. ఆ వేళను నడిపేది ఇంటికి ఆలస్యంగా వచ్చే మనిషి.

అందుకని ఈ ప్రసంగం వింటున్న మగవాళ్లకు నా విన్నపం. వీలైతే రాత్రి ఎనిమిదిలోపు ఇల్లు చేరి ఆమెతో కలిసి కూర్చుని తినండి. మిగిలిన అన్నం ఆమె కంచంలోకి పోకుండా చూడండి, పొద్దుటికి నీళ్లు పోసి ఉంచితే మంచి సద్ది అవుతుంది. చేరలేని రోజు ఏడుకే ఫోన్ చేసి, నా కోసం చూడొద్దు, నువ్వు తినెయ్ అని చెప్పండి. చెప్పి ఊరుకోవద్దు. ఇంటికి రాగానే కాళ్లు కడుక్కునే ముందే ఆమెను అడగండి, ఎప్పుడు తింటివి అని.